తాతగారి సొరుగులో దొరికిన మూడు జేబు గడియారాలు: ఏ కాలం నాటివో చెప్పగలరా?

సొరుగు తాళం:
తాతగారి బీరువా సర్దుతుంటే అడుగు సొరుగులో పాత గుడ్డలో చుట్టిన మూడు జేబు గడియారాలు దొరికాయి. మొదటిది పెద్దది, బంగారు రంగు, డయల్ మీద ఎల్జిన్ అని అమెరికా కంపెనీ పేరు ఉంది. వెనక మూత లోపల ఒక నంబరు, దాని పక్కన 20 ఏళ్ళ గ్యారంటీ అని ఇంగ్లీషులో ముద్ర. ఆ నంబరుని ఎల్జిన్ నంబర్ల పట్టికలో చూస్తే 1880ల నాటిదని తేలింది. రెండోది చిన్న వెండి గడియారం, డయల్ మీద పేరే లేదు. లోపలి మూత మీద 'రెమాంత్వార్' అని పెద్దగా, కింద పతకాల బొమ్మలు, 1889 అని చెక్కి ఉన్నాయి. రెమాంత్వార్ అనే కంపెనీ గురించి ఎంత వెతికినా దొరకలేదు. మూడోది నికెల్ రంగుది, అంకెల మీద ముద్దగా పూత ఉంది, గోధుమ రంగుకి తిరిగింది. మూడూ నడవడం లేదు. చిన్నప్పుడు ఎవరో కీ ఎక్కువ తిప్పేసి పాడు చేశారని నాన్నగారు అంటున్నారు.

భూతద్దం:
ఎల్జిన్ సంగతి ముందు చెప్తాను. మీరు చూసింది కేసు, అంటే బయటి తొడుగు నంబరు అండీ. అమెరికాలో అప్పట్లో మెషిన్ ఒక కంపెనీ, కేసు ఇంకో కంపెనీ చేసేవి. కొనేవాళ్ళు రెండూ విడివిడిగా ఎంచుకుంటే దుకాణంలోనే బిగించి ఇచ్చేవారు. అందుకే కేసు నంబరుతో ఎల్జిన్ పట్టిక చూస్తే తప్పే వస్తుంది. మెషిన్ మీద చెక్కిన నంబరు కావాలి. వెనక మూత మరతో బిగించిందైతే అరచెయ్యి ఆనించి నొక్కి ఎడమవైపు తిప్పండి. మడతబందు ఉంటే అంచున గోరు పట్టేంత చిన్న పెదవి కనిపిస్తుంది, అక్కడ ఎత్తండి. కత్తి మాత్రం వాడొద్దు. నేను మొదటిసారి కత్తితోనే తీశాను. అది జారి మెషిన్ మీద గీసిన గీత ఇప్పటికీ అలాగే ఉంది, చూసినప్పుడల్లా బాధేస్తుంది.

సొరుగు తాళం:
వచ్చింది! అరచేత్తో తిప్పగానే ఊడింది. లోపల ఎంత అందంగా ఉందో చెప్పలేను, పలకల మీద అలలు అలలుగా గీతలు. నంబరు కోటీ రెండు లక్షల పైచిలుకు.

భూతద్దం:
అయితే 1903 ప్రాంతం. ఎల్జిన్ కోటో నంబరు దాటింది అప్పుడే. ఒక్క మాట, కంపెనీ ఒక్కో మోడల్‌కి నంబర్ల వరస ముందే కేటాయించేది. కాబట్టి ఏడాది అటూ ఇటూ ఉంటుందనుకోండి. పేరు కూడా చూడండి. కంపెనీ 1864లో మొదలైనప్పుడు నేషనల్ వాచ్ కంపెనీ, ఎల్జిన్ అన్న మాట పేరులోకి వచ్చింది 1874లో.

పాత వెండి:
ఆ గ్యారంటీ ముద్ర గురించి నేను చెప్తాను. అది మెషిన్‌కి ఇచ్చిన గ్యారంటీ కాదు, కేసు మీద బంగారు రేకు అరిగిపోకుండా అన్నేళ్ళు ఉంటుందన్న హామీ. మధ్యలో మామూలు లోహం, రెండు వైపులా పల్చటి బంగారం. 10, 20, 25 ఏళ్ళవి వచ్చేవి. ఏళ్ళ లెక్కతో అలా ముద్ర వెయ్యడాన్ని 1924లో ఆపించారు. అంటే మీ కేసు అంతకుముందుదే. పూర్తి బంగారం కాదని నిరాశపడకండి, వందేళ్ళు దాటినా రేకు నిలిచిందంటే బాగా చూసుకున్నారని అర్థం.

వెండిదాని మీద చిన్న పక్షి బొమ్మ ఏమైనా ఉందా? మూత లోపల, గింజంత ఉంటుంది.

సొరుగు తాళం:
ఉంది! నేను మరక అనుకున్నాను. ఫోన్ కెమెరాలో పెద్దది చేసి చూస్తే కోడిలాంటి పక్షి, పక్కన 0.800.

పాత వెండి:
అది స్విట్జర్లాండ్ అడవికోడి ముద్ర. వెయ్యికి 800 పాళ్ళు వెండి అని. 875 పాళ్ళు ఉంటే ఎలుగుబంటి వేసేవారు. ఈ ముద్రలు అక్కడ 1880 చట్టంతో వచ్చాయి, కాబట్టి అంతకంటే పాతది కాదు. రెమాంత్వార్ కంపెనీ పేరు కాదండీ, విడి తాళంచెవి లేకుండా పైన బుడిపెతోనే కీ ఇచ్చుకోవచ్చని ఫ్రెంచిలో చెప్పడం. చాలామంది దాన్ని బ్రాండ్ అనుకుంటారు, నేనూ రెండేళ్ళు అలాగే అనుకున్నాను. 1889 తయారైన ఏడు కాదు. ఆ ఏడాది పారిస్‌లో ప్రపంచ ప్రదర్శన జరిగింది. ప్రదర్శనల పతకాలను అలా మూత మీద చెక్కేవారు. కాబట్టి గడియారం 1889 తర్వాతదే, ముందుది మాత్రం కాదు.

ఇంకోటి, బ్రిటన్‌లో వేసిన దిగుమతి ముద్రలు ఏమైనా ఉన్నాయేమో చూడండి. బ్రిటన్‌లోకి వచ్చే విదేశీ వెండి, బంగారు కేసులన్నిటికీ 1907 జూన్ నుంచి అక్కడి ముద్రలు తప్పనిసరి చేశారు. వాటిలో ఏడాదిని చెప్పే అక్షరం కూడా ఉంటుంది, పని తేలికవుతుంది.

సొరుగు తాళం:
పక్షి, అంకె తప్ప ఇంకేమీ లేవు. మరి ముళ్ళు ఎందుకు తిరగవు? బుడిపె పైకి లాగితే రావడం లేదు.

నూనెచుక్క:
లాగొద్దు, విరుగుతుంది! బుడిపె పక్కన, కేసు అంచున మొటిమంత పిన్ను ఉంటుంది. దాన్ని గోటితో లోపలికి నొక్కి పట్టుకుని బుడిపె తిప్పండి. ముళ్ళు తిరుగుతాయి.

కీ ఎక్కువ తిప్పితే పాడైందన్న మాట గురించి కూడా. నేను ముప్పై ఏళ్ళుగా ఇవి బాగు చేస్తున్నాను, ఈ మాట వినని వారం లేదు. పూర్తిగా కీ ఇచ్చి ఆగి ఉన్న గడియారంలో దాదాపు ఎప్పుడూ జరిగేది ఒకటే, నూనె ఎండి జిగురైపోతుంది. స్ప్రింగు బలం ఆ జిగురుని దాటలేక ఆగిపోతుంది, కాబట్టి ఇక కీ తిరగదు. మీ నాన్నగారికి చెప్పండి, పాపం ఆ పిల్లవాడి తప్పేం లేదని. శుభ్రం చేసి కొత్త నూనె వేసేదాకా నడపొద్దు. ఎండిన నూనెలో దుమ్ము కలిసి ఇరుసుల్ని అరగదీస్తుంది.

మూడోదాన్ని ఎవరూ తెరవొద్దు. ఆ ముద్దపూత రేడియం అనే రేడియోధార్మిక పదార్థం కలిపింది కావచ్చు.

సొరుగు తాళం:
చీకట్లో చూశాను, అస్సలు వెలగడం లేదండీ. ఇంకా ప్రమాదమా?

నూనెచుక్క:
వెలగకపోవడాన్ని బట్టి నిర్ణయించకండి. వెలుగిచ్చేది దానిలో కలిపిన జింక్ సల్ఫైడ్, అది కొన్నేళ్ళకే అలిసిపోతుంది. రేడియం సగం తగ్గడానికే 1600 ఏళ్ళు పడుతుంది. అద్దం బిగించి ఉన్నంతవరకూ పెద్దగా టెన్షన్ పడక్కర్లేదు. పూత పొడిగా రాలి ఊపిరిలోకి, నోట్లోకి వెళ్ళడమే అసలు భయం. ఒకసారి నా దగ్గరికి వచ్చినదానికి అద్దం లోపల టీపొడిలాగా రాలి ఉంది. తెరవకుండానే జిప్ సంచిలో పెట్టి తిరిగి ఇచ్చేశాను. మీరూ సంచిలో పెట్టి పిల్లలకి అందకుండా ఉంచండి. డయల్ అడుగున స్విస్ అన్న మాటకి అటూ ఇటూ 'టి' అక్షరం ఉంటే అది ట్రిటియం, అంటే రేడియం బదులు వాడిన పదార్థం, 1960ల నుంచి కనిపిస్తుంది. ఆ అక్షరం లేకుండా ముద్దపూత ఉంటే 1910ల నుంచి 1960ల దాకా ఎప్పటిదైనా కావచ్చు.

భూతద్దం:
ఎల్జిన్ మూత లోపల ఏటవాలుగా వెలుతురు పడేట్టు పట్టుకుని చూడండి. సూదితో గీసినట్టు సన్నటి అంకెలు ఉంటాయేమో. బాగు చేసినవాళ్ళు తేదీ, గుర్తు గీసేవారు. మెరుగు పెట్టించారంటే అవి పోతాయి, వెండి ముద్రలూ అరుగుతాయి.

సొరుగు తాళం:
పిన్ను నొక్కితే ముళ్ళు తిరిగాయి! 'టి' అక్షరం లేదు, మూడోది సంచిలో పెట్టేశాను. ఎల్జిన్ మూతలో నాలుగు గీతలున్నాయి. మొదటి మూడూ అరిగి చదవడానికి రావడం లేదు, నాలుగోది 11-51. తాతగారికి అప్పుడు ఇరవై మూడేళ్ళు. నాన్నగారు మూతని కిటికీ దగ్గర పట్టుకుని చాలాసేపు చూశారు. శుభ్రం చేయించాలని నిర్ణయించాం, మెరుగు మాత్రం వద్దు. వెండిదాని మెషిన్ మీద ఒక చిన్న నక్షత్రం, కింద మూడు అక్షరాలు ఇప్పుడే కనిపించాయి. ఫొటో తీసి రేపు పెడతాను.