అమెరికా బాక్సర్లు తగ్గిపోయారా? ఫుట్‌బాల్ మీద వేసే నెపం ఎంతవరకు నిజం?

రింగ్‌సైడ్ రావు (చర్చ మొదలుపెట్టినది)

నిన్న రాత్రి మా తమ్ముడితో ఫోన్లో గంటసేపు వాదన. తెగలేదు. అందుకే ఇక్కడ పెడుతున్నా.

1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో అమెరికా బాక్సర్లు 5 స్వర్ణాలు పట్టుకెళ్లారు. షుగర్ రే లెనార్డ్, స్పింక్స్ అన్నదమ్ములిద్దరూ ఆ జట్టువాళ్లే. 1984లో 9 (సోవియట్, క్యూబా రాలేదు కాబట్టి సగం తీసేయండి). 1992కి వచ్చేసరికి డి లా హోయా ఒక్కడు, 1996లో డేవిడ్ రీడ్ ఒక్కడు, 2004లో ఆండ్రే వార్డ్ ఒక్కడు. అక్కడితో సరి. వార్డ్ గెలిచి ఇరవై ఏళ్లు దాటింది, మగవాళ్లలో మళ్లీ స్వర్ణం ముఖం చూడలేదు. 2024 పారిస్‌లో మొత్తం జట్టుకి కలిపి ఒమారి జోన్స్ తెచ్చిన కాంస్యం ఒక్కటే. అదే పారిస్‌లో ఉజ్బెకిస్తాన్‌కి 5 స్వర్ణాలు!

హెవీవెయిట్ సంగతి ఇంకా దారుణం. జో లూయిస్, మార్సియానో, అలీ, ఫ్రేజియర్, ఫోర్‌మన్, హోమ్స్, టైసన్, హోలీఫీల్డ్ అని గుక్క తిప్పుకోకుండా చెప్పేవాళ్లం. ఈ పదిహేనేళ్లలో ఎవరు? వైల్డర్. తర్వాత 2019లో ఆంథొనీ జోషువాని ఒకసారి పడగొట్టిన ఆండీ రూయిజ్. మూడో వేలు ముడవాలంటే ఆలోచించాలి. చివరికి 2024లో 58 ఏళ్ల టైసన్‌ని తెచ్చి యూట్యూబ్ కుర్రాడితో ఆడించారు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడమంటే అదే.

నా వాదన ఒకటే. ఒడ్డూ పొడుగూ ఉన్న కుర్రాళ్లంతా ఫుట్‌బాల్‌కి (వాళ్ల ఫుట్‌బాల్, చేత్తో ఆడేది), బాస్కెట్‌బాల్‌కి పోయారు. 1973లో అలీ దవడ విరగ్గొట్టిన కెన్ నార్టన్ కొడుకునే చూడండి. ఇంట్లో అంతటి గురువుండి కూడా ఫుట్‌బాల్‌లో లైన్‌బ్యాకర్ (డిఫెన్స్ ఆటగాడు) అయ్యాడు, వరసగా మూడు సూపర్‌బౌల్‌లు (వాళ్ల లీగ్ ఫైనల్స్) గెలిచాడు. ఇంకేం సాక్ష్యం కావాలి?

లెఫ్ట్ హుక్ లక్ష్మి

"మగవాళ్లలో" అన్న ఒక్క ముక్కతో క్లారెస్సా షీల్డ్స్‌ని భలే పక్కకి తోసేశారు రావు గారూ. 2012, 2016, రెండు ఒలింపిక్ స్వర్ణాలు. ఫ్లింట్ అమ్మాయి. 2025 ఫిబ్రవరిలో సొంతూళ్లోనే ఆడి హెవీవెయిట్‌లో తిరుగులేని ఛాంపియన్ అయింది. ఆవిణ్ణి లెక్కలో వేసుకుని మళ్లీ మొదలుపెట్టండి.

ఇందూరు పోరడు

రావన్నా, గిదే కథ వెస్టిండీస్ క్రికెట్ మీద ఎన్నిసార్లు విన్నమే! "పొడుగు పోరగాళ్లంత బాస్కెట్‌బాల్‌కు పోయిండ్రు, అందుకే ఫాస్ట్ బౌలర్లు లేరు" అని. చెప్పినోళ్లే ఎక్కువ, తరచి చూసినోళ్లు తక్కువ.

అలీ కాలంల పోటీ ఎవరితోని? క్యూబాల 1962 నుంచి ప్రొఫెషనల్ ఆటే బంద్ ఉండె. తెయోఫిలో స్టీవెన్సన్ మూడు ఒలింపిక్ స్వర్ణాలు కొట్టిండు, డాలర్లు ఇస్తమన్నా అలీ మీదికి పోలే. సోవియట్ బాక్సర్లు ప్రొఫెషనల్ రింగుల కనవడుడే లేకుండె. అంటే సగం ప్రపంచం తలుపు అవతల ఉన్నప్పుడు లోపలున్నోళ్లు మేమే రాజులం అన్నట్టు. సోవియట్ కూలినంక తలుపు తెర్సుకుంది. ఉక్రెయిన్ నుంచి క్లిచ్కో అన్నదమ్ములొచ్చిండ్రు, ఆనక లొమాచెంకో, ఉసిక్. తాడిని తన్నేటోని తలదన్నేటోడు వచ్చిండు, గంతే. అమెరికోడు పొట్టిగైండని కాదు, పక్కన నిలవడ్డోడు పొడుగున్నడు.

రింగ్‌సైడ్ రావు

తమ్ముడూ, సోవియట్ తలుపు తెరుచుకున్న మాట ఒప్పుకుంటా. 1976లో మాత్రం సోవియట్, క్యూబా రెండూ మాంట్రియల్‌లో ఉన్నాయి కదా? అయినా 5 వచ్చాయి. అంటే ఇటుపక్క కూడా ఏదో జారింది.

డబ్బు లెక్క చూడు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో (వాళ్ల ఫుట్‌బాల్ లీగ్) 2024లో కొత్తగా జట్టులోకొచ్చిన కుర్రాడికి కనీస జీతం 7,95,000 డాలర్లు. 32 జట్లు, జట్టుకి 53 మంది. అంతకు ముందే పెద్ద కాలేజీలో ఒక్కో ఫుట్‌బాల్ జట్టుకి 85 ఉచిత సీట్లు ఉండేవి. బాక్సర్‌కి? కాలేజీల సంఘం (ఎన్‌సీఏఏ) బాక్సింగ్ పోటీలు 1960లోనే ఆగిపోయాయి, విస్కాన్సిన్ కుర్రాడు చార్లీ మోర్ బౌటు తర్వాత చనిపోయాక. నాలుగు రౌండ్ల మొదటి బౌటుకి చేతికొచ్చేది వందల్లో. ఆరడుగుల నాలుగంగుళాల కొడుకున్న ఏ తల్లయినా ఎటు పంపుతుంది?

ఇందూరు పోరడు

పంపుతది సరే. పోయినోళ్లు తిరిగొస్తే ఏమైందో గది చెప్పు. డల్లస్ కౌబాయ్స్ ఆటగాడు "టూ టాల్" జోన్స్ 1979ల ఫుట్‌బాల్ ఇడిసి బాక్సింగ్‌కు వచ్చిండు. ఆరు బౌట్లు ఆడి, మళ్ల మర్లిపోయిండు. మిషిగన్ స్టేట్ లైన్‌బ్యాకర్ సెత్ మిచెల్ వచ్చిండు, అమెరికా హెవీవెయిట్‌కు దేవుడొచ్చిండన్నరు. 2012ల జొనాథన్ బ్యాంక్స్ రెండు రౌండ్లల్ల ముగిచ్చిండు. కండ ఉంటే బాక్సర్ ఐతడా? ఉసిక్ ఏమన్న రాక్షసుడా? బ్రిటన్ హెవీవెయిట్ ఫ్యూరీ పక్కన నిలవెడితే మేనల్లుని లెక్క కనవడ్తడు. అయినా 2024ల ఓడగొట్టిండు.

రింగ్‌సైడ్ రావు

వైల్డరో మరి? అతగాడి కల కూడా అలబామా తరఫున ఫుట్‌బాల్ ఆడడమే. తన పసిపాపకి వెన్నెముక జబ్బని తెలిసి, డబ్బు కోసం ఇరవయ్యో ఏట బాక్సింగ్‌కి వచ్చాడు. మూడేళ్లలో ఒలింపిక్ కాంస్యం! అలాంటివాళ్లు ఇంకా ఎంతమంది ఆ మైదానాల్లో ఉండిపోయారో.

మిషిగన్ మామ

ఇద్దరి మాటా విన్నాను. నేను డెట్రాయిట్ శివార్లలో ఉంటాను, పద్దెనిమిదేళ్లయింది. నా గొడవ నేను చెబుతా.

మా వాడికి పన్నెండేళ్లప్పుడు బాక్సింగ్ పిచ్చి పట్టింది. వెతికితే నలభై నిమిషాల దూరంలో ఒక జిమ్ దొరికింది. బట్టలుతికే దుకాణం పక్కన, గుర్తుపట్టడానికి బోర్డు కూడా సరిగ్గా లేదు. లోపల ఒక్క రింగు, పట్టీలు చుట్టి చుట్టి బొద్దుగా అయిపోయిన నాలుగు బరువు సంచులు. నేర్పేది డెబ్బై దాటిన ముసలాయన. మొదటి రోజు మా వాడి చేతికి పట్టీ చుట్టడానికే పది నిమిషాలు పట్టింది ఆయనకి. బొటనవేలి చుట్టూ ఒక మెలిక, ఒక్కో వేలి సందులోంచి ఒక్కో మెలిక, పిడికిలి బిగించమనడం, నొక్కి చూడటం, నచ్చక విప్పేసి మళ్లీ చుట్టడం. తర్వాత నేల మీద అతికించిన టేపు చూపించి, ఆ గీత మీద ముందుకీ వెనక్కీ జాబ్ (ముందు చేత్తో సూటిగా విసిరే గుద్దు) వేస్తూ నడవమన్నాడు. మూడు నెలలు అదే. గుద్దడానికి మనిషిని ఇవ్వలేదు. మా వాడు విసుక్కునేవాడు, నేను బెంచీ మీద కూర్చుని ఆఫీసు పని చేసుకునేవాణ్ణి.

ఆ ముసలాయనకి నెలకి మేమిచ్చేది యాభై డాలర్లు. ఆయన తర్వాత అక్కడ నేర్పేవాళ్లు ఎవరూ లేరు. సాయానికొచ్చే కుర్రాడు రాత్రుళ్లు గోదాములో పని చేసి కళ్లు ఎర్రగా చేసుకుని వచ్చేవాడు.

ఇదే డెట్రాయిట్‌లో ఒకప్పుడు క్రాంక్ జిమ్ ఉండేది. ఊరి రిక్రియేషన్ సెంటర్ నేలమాళిగలో ఇమాన్యుయెల్ స్టీవార్డ్ నేర్పేవాడు, థామస్ హియర్న్స్ అక్కడివాడే. 2006లో దొంగలు రాగి గొట్టాలు పీక్కుపోయాక అది మూతబడింది, 2017లో భవనం కూడా తగలబడింది. ఫిలడెల్ఫియాలో జో ఫ్రేజియర్ జిమ్ 2008లో మూసేశారు. తర్వాత అందులో ఫర్నిచర్ అమ్మారు. ఇంకో తమాషా చూడండి. స్టీవార్డ్ చివరి ఏళ్లలో ఎవరికి నేర్పాడు? వ్లదిమిర్ క్లిచ్కోకి. అంటే అమెరికా విద్య ఉక్రెయిన్ ఒంట్లోకి వెళ్లి, అమెరికా హెవీవెయిట్లనే చావగొట్టింది.

పిల్లలు లేక కాదు. పన్నెండేళ్లవాణ్ణి మూడు నెలలు గీత మీద నడిపించే ఓపికున్న ముసలాళ్లు పోతున్నారు, వాళ్ల చోటుకి ఎవరూ రావడం లేదు. నేను చూసింది అదీ.

ఇందూరు పోరడు

మామా, గిది మనసుకు తాకింది. మా నిజామాబాద్ సంగతే తీస్కో. ఊరెంత, పేరెంత! సంసముద్దీన్ సార్ ఒక్కడు గట్టిగ కూసుంటే నిఖత్ జరీన్ వచ్చింది, సార్ కొడుకు హుసాముద్దీన్ వచ్చిండు. నిఖత్ 2022ల, 2023ల ప్రపంచ ఛాంపియన్. ఊరికొక్క సార్ దొరికితే చాలు.

టెన్ కౌంట్

అందరూ అసలు విషయం వదిలేశారు. 1988 సియోల్ ఫైనల్లో అమెరికా రాయ్ జోన్స్ చితగ్గొట్టాడు, జడ్జీలు కొరియావాడి చెయ్యెత్తారు. ఆ గోల తర్వాత 1992 నుంచి మార్కుల యంత్రం తెచ్చారు. ఐదుగురు జడ్జీల్లో ముగ్గురు ఒక్క సెకనులోపు బటన్ నొక్కితేనే పాయింటు. దాంతో ఒంటి మీద కొట్టే దెబ్బలకి, దగ్గరగా ఆడే ఆటకి విలువ పోయింది. అమెరికన్లు ఆడేది అదే. మాంట్రియల్లో ఆస్ట్రోటర్ఫ్ వేశాక మన హాకీ ఏడో స్థానానికి పడిపోలేదూ? వాళ్లకి ఆ యంత్రం అలాంటిది.

లెఫ్ట్ హుక్ లక్ష్మి

పోలిక బాగుంది, లెక్క కుదరలేదు. డి లా హోయా, రీడ్, వార్డ్ ముగ్గురూ ఆ యంత్రం ముందే గెలిచారు. 2012 తర్వాత యంత్రం పోయింది, ప్రొఫెషనల్ పద్ధతి మార్కులు వచ్చాయి. రియోలో షకూర్ స్టీవెన్సన్ రజతం, టోక్యోలో మగవాళ్లకి మూడు రజతాలు. ఫైనల్ దాకా వెళ్లడం, అక్కడ ఆగడం. టోక్యోలో కీషాన్ డేవిస్‌ని ఆపింది క్యూబా ఆండీ క్రూజ్, టొరెజ్‌ని ఆపింది ఉజ్బెక్ జలోలోవ్. యంత్రం కాదు.

ఆ క్రూజ్ ప్రొఫెషనల్ అయ్యాక ఎక్కడికెళ్లాడో తెలుసా? ఫిలడెల్ఫియాకి, కోచ్ బోజీ ఎన్నిస్ దగ్గరికి. కాబట్టి మామగారూ, గురువులు మరీ అడుగంటలేదండీ. కొన్ని ఊళ్లలో ఉన్నారు, వాళ్ల దగ్గరికే ప్రపంచమంతా వస్తోంది.

ఇంకొక్కటి. తక్కువ బరువుల్లో అసలు క్షీణత ఎక్కడుంది? ఒమాహా ఊరి టెరెన్స్ క్రాఫర్డ్ 2025 సెప్టెంబర్‌లో రెండు బరువు తరగతులు పైకెక్కి మెక్సికో కనెలోని ఓడించాడు. మూడు బరువుల్లో తిరుగులేని ఛాంపియన్ అయ్యాడు. హెవీవెయిట్ ఒక్కటే బాక్సింగ్ అనుకుంటే "మా తాతలు నేతులు తాగారు" అన్నట్టే ఉంటుంది.

రింగ్‌సైడ్ రావు

క్రాఫర్డ్‌ని తెచ్చారు కాబట్టి సగం తగ్గుతాను. మిగతా సగం కూడా అతని దగ్గరే ఉంది. అలీ 1966 ఒక్క ఏడాదిలో టైటిల్ కోసం 5 బౌట్లు ఆడాడు. క్రాఫర్డ్ 2021 నుంచి 2025 దాకా ఐదేళ్లలో ఆడినవి 5. ఏడాదికొకటి, పండక్కి వచ్చే అల్లుడిలాగా! అతనంటే అప్పటికే చెయ్యి తిరిగినవాడు. ఇరవై రెండేళ్ల కుర్రాడు ఇలా ఆడితే నేర్చుకునేదెప్పుడు?

టీవీ కూడా అంతే. శుక్రవారం రాత్రి బాక్సింగ్‌ని ఎన్‌బీసీ 1960లో ఆపేసింది. హెచ్‌బీఓ 2018లో, షోటైమ్ 2023లో చేతులు దులుపుకున్నాయి. పెద్ద బౌటు చూడాలంటే విడిగా డబ్బు కట్టాలి. 2015లో మేవెదర్, పకియావ్ బౌటు ఇంట్లో చూడటానికి హెచ్‌డీలో వంద డాలర్లు. పన్నెండేళ్లవాడు ఎవర్ని చూసి పిచ్చెక్కించుకుంటాడు?

ఫుట్‌బాల్ మాట మాత్రం వెనక్కి తీసుకోను.

టెన్ కౌంట్

రావు గారూ, ఒకప్పుడు అమెరికా ఛాంపియన్లలో ఐరిష్‌వాళ్లు, తర్వాత యూదులు, ఇటాలియన్లు ఎందరో. బెన్నీ లెనార్డ్, బార్నీ రాస్ పేర్లు వినే ఉంటారు. ఇంట్లో నాలుగు డబ్బులు చేరగానే వాళ్ల పిల్లలు రింగు దిగిపోయారు. వాళ్లని చూసి ఎవరూ ఏడవలేదు కదా. నల్లజాతి కుర్రాడికి మొహం పగలగొట్టించుకోవడం కన్నా మెరుగైన దారి దొరికితే మనకెందుకు దిగులు?

రింగ్‌సైడ్ రావు

దానికి నా దగ్గర జవాబు లేదు. ఆలోచించాలి.

మామగారూ, అడగడం మరిచాను. మీవాడు ఇంకా ఆ జిమ్‌కి వెళ్తున్నాడా?

మిషిగన్ మామ

నవ్వకండి రావు గారూ. హైస్కూల్లో చేరాక ఫుట్‌బాల్ జట్టులో తీసుకున్నారు. ప్రాక్టీసు స్కూల్లోనే, అయ్యాక బస్సులో ఇంటి దగ్గర దింపుతారు. జిమ్‌కి రానుపోను గంటా ఇరవై నిమిషాలు, చలికాలం మంచులో. నేనే మానిపించాను.

పట్టీలు మాత్రం పారేయనివ్వలేదు వాడు. కారు డ్యాష్‌బోర్డు అరలో ఇప్పటికీ ఉన్నాయి.