రేపటి పనికి ‘విల్’ ఒక్కటే రాయాలా?

నాగావళి: పదో తరగతి స్లిప్ టెస్టులో ఖాళీ ఇది: ‘ఐ ___ (మీట్) ద డాక్టర్ ఎట్ టెన్ టుమారో. ఐ బుక్డ్ ఇట్ లాస్ట్ వీక్.’ మా పాప ‘యామ్ మీటింగ్’ అని రాస్తే కొట్టేసి ‘విల్ మీట్’ అని దిద్దారు. ఏది ఒప్పు?

బొబ్బిలి మాస్టారు: ‘టుమారో’ ఉంది కాబట్టి ‘విల్ మీట్’. ‘యామ్ మీటింగ్’ ఇప్పుడు జరుగుతున్న పనికి. ఇందులో చర్చేముంది?

చీపురుపల్లి టీచర్: ఉంది మాస్టారూ. చూడాల్సింది ‘టుమారో’ని కాదు, రెండో వాక్యాన్ని. వారం కిందటే బుక్ చేశారు, టైము ఖాయమైంది, అవతలి మనిషికీ తెలుసు. అలా కుదిరిపోయిన పనికి ప్రెజెంట్ కంటిన్యుయసే సహజం. మనమూ ‘రేపు డాక్టర్ని కలుస్తున్నాను’ అనే అంటాం కదా! మనసులో అనుకున్నాం గానీ ఇంకా ఎవరితోనూ మాట్లాడుకోలేదంటే ‘యామ్ గోయింగ్ టు మీట్’. ‘విల్’ అప్పటికప్పుడు అనుకున్నదానికి: ఫోన్ మోగితే ‘ఐ విల్ గెట్ ఇట్’. మాట ఇచ్చేటప్పుడూ అదే.

ఆమదాలవలస: మరి రైలు టైముకి?

చీపురుపల్లి టీచర్: సింపుల్ ప్రెజెంట్. ‘ద ట్రైన్ లీవ్స్ ఎట్ సిక్స్ టుమారో.’ సిరిమానోత్సవానికీ అంతే. దసరా వెళ్లాక వచ్చే మంగళవారమని ముందే ఖాయం కాబట్టి ‘ఇట్ ఈజ్ నెక్స్ట్ ట్యూజ్‌డే’.

బొబ్బిలి మాస్టారు: అయితే ‘ఇట్ ఈజ్ రెయినింగ్ టుమారో’ కూడా ఒప్పేనా? మీరు చెప్పింది విని పిల్లలు రాసేది అదే.

చీపురుపల్లి టీచర్: తప్పు. వానని ఎవరూ ఏర్పాటు చెయ్యరు. నల్లగా మబ్బు పట్టి కనిపిస్తుంటే ‘ఇట్ ఈజ్ గోయింగ్ టు రెయిన్’. ఉత్త అంచనా అయితే ‘ఐ థింక్ ఇట్ విల్ రెయిన్’.

పార్వతీపురం: ఇంతకన్నా పెద్ద తప్పు ఎవరూ పట్టించుకోరేటండీ? ‘ఐ విల్ కాల్ యూ వెన్ ఐ విల్ రీచ్’ అని రాసేస్తారు. చేరాక అనే అర్థంలో ‘వెన్’ వస్తే దాని పక్కన ‘విల్’ రాదు, ‘వెన్ ఐ రీచ్’ చాలు. ‘అంటిల్’, ‘బిఫోర్’ తరవాతా అంతే. ‘వెన్ విల్ యూ రీచ్?’ ప్రశ్న కాబట్టి అది వేరు.

బొబ్బిలి మాస్టారు: రూల్సు నాకూ తెలుసు. నిండు క్లాసులో నాలుగు రూపాలూ ఒకేసారి చెప్పి చూడండి, పిల్లలు అసలు నోరే విప్పరు. ‘విల్’ అంటే అవతలివాడికి అర్థమవుతుందా లేదా?

చీపురుపల్లి టీచర్: అవుతుంది. మాట్లాడేటప్పుడు ‘విల్’ అన్న పిల్లని నేనూ ఆపను. ఇక్కడ జరిగింది అది కాదు. ఒప్పు జవాబుని కొట్టేశారు! ముందు సులువుది నేర్పడం వేరు, ఇంకాస్త తెలిసిన పిల్లకి మార్కు కొయ్యడం వేరు.

బొబ్బిలి మాస్టారు: కీలో ‘విల్ మీట్’ అని ఉంటే దిద్దేవాడేం చేస్తాడు? కీ దాటి మార్కు వేస్తే సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది అతనే. ఆ సంగతి మీరెవరూ అనరు.

చీపురుపల్లి టీచర్: అలాగైతే కీని మార్చాలి. ‘యామ్ మీటింగ్’ ముందు వేసి, ‘గోయింగ్ టు’కీ మార్కు ఇవ్వమని పక్కన రాయాలి. ‘విల్ మీట్’కి ఇచ్చినా నాకు అభ్యంతరం లేదు.

నాగావళి: ఇది స్కూల్లో పెట్టిందే, కీ రాసిందీ దిద్దిందీ ఒక్కరే. ఆ రెండో వాక్యం చూపించి అడుగుతాను.