వేర్వేరు వాద్యాలు వాయించే ఔత్సాహికులు కలిసి కూర్చోవాలంటే ఏమి చూసుకోవాలి?

మంద్రస్థాయి (ప్రశ్న):

మేము ఐదుగురం ఔత్సాహికులం అప్పుడప్పుడు ఒకచోట చేరి సరదాగా వాయించుకోవాలని అనుకుంటున్నాము. కచేరీ చేయాలన్న ఉద్దేశం ఎవరికీ లేదు. వేణువు, వయొలిన్, మృదంగం వాయించే ముగ్గురూ కర్ణాటక పద్ధతిలో నేర్చుకుంటున్నారు. గిటారు వాయించే మిత్రుడు ఎవరి దగ్గరా నేర్చుకోకుండా సొంతంగా సాధన చేశాడు. నేను నొటేషను చూసి కీబోర్డు వాయిస్తాను. వేణువు వాయించే ఆవిడ దగ్గర ఐదు శ్రుతి వేణువు ఒక్కటే ఉంది, గిటారు మిత్రుడికి రాగం పేరు చెబితే తెలియదు, నాకు తాళం వేయడం రాదు. ఏ శ్రుతిలో కూర్చోవాలి, మొదట ఏమి ఎత్తుకోవాలి, అందరూ ఒకేసారి వాయించి గందరగోళం కాకుండా వరుస ఎలా పెట్టుకోవాలి అన్న వాటిపై అనుభవజ్ఞులు సలహా ఇవ్వగలరా?

శ్రుతిపెట్టె:

శ్రుతిని మార్చుకోలేని వాద్యమే అందరి శ్రుతినీ నిర్ణయిస్తుంది కనుక, మీ విషయంలో ఆ మాట వేణువుకే వదిలేయండి. ఐదు శ్రుతి అంటే షడ్జం, అంటే ‘స’, జి మీద ఉంటుంది. ఇది మీకు కలిసివచ్చిన శ్రుతి. గిటారులో జి మేజర్, డి మేజర్, ఇ మైనర్ మూడూ కొన్ని తీగలను నొక్కకుండా తెరిచి ఉంచి పట్టుకునే సులువైన కార్డులే (ఒకేసారి మోగే స్వరాల కూర్పులే) కాబట్టి, శ్రుతి పెంచడానికి మెడకు బిగించే కాపో కూడా అవసరం రాదు. వయొలిన్ పాశ్చాత్య పద్ధతిలో జి-డి-ఎ-ఇ గా శ్రుతి చేసి ఉంటే, కింది రెండు తీగలనూ అలాగే ఉంచి, పై రెండింటినీ ఒక్కొక్క పూర్తి స్వరం దించితే చాలు, స-ప-స-ప సిద్ధమవుతుంది.

ఆలోచించవలసినది మృదంగం గురించి. హెచ్చు శ్రుతికి చిన్న మృదంగం, తగ్గు శ్రుతికి పెద్ద మృదంగం వాడతారు. తగ్గు శ్రుతి మృదంగాన్ని బిగించి బిగించి ఐదు శ్రుతికి ఎక్కించాలని చూస్తే దాని తోలు మూత పాడవుతుందే తప్ప నాదం రాదు. అయితే ఆ మృదంగం రెండు శ్రుతికి, అంటే డి కి పలికేదైతే దిగులు లేదు, అది మీ షడ్జానికి పంచమం (‘ప’) అవుతుంది కాబట్టి చెవికి ఇబ్బంది ఉండదు. అందరూ చేరే ముందే మృదంగం వాయించే ఆయనను ఈ ఒక్క విషయం అడిగి తెలుసుకోండి.

ఇంకొక మాట. ఫోనులోని ట్యూనరు చూసి ఎవరికి వారు 440 హెర్ట్జ్ లెక్కకు సరిచేసుకుని వచ్చినా, వేణువు చల్లగా ఉన్నప్పుడు కాస్త తగ్గి, ఊపిరి వేడికి క్రమంగా హెచ్చుతుంది. అందువల్ల ఆవిడ కాసేపు వాయించుకున్న తరువాత, ఆ వేణువు షడ్జాన్ని వింటూ తీగవాద్యాల వారు సరిచేసుకోవడం మేలు. కీబోర్డులో శ్రుతిని సూక్ష్మంగా జరిపే అమరిక సాధారణంగా ఉంటుంది, దానిని మీరు ముందుగా వెతికి పెట్టుకోండి. తంబూర శబ్దం సన్నగా మోగుతూ ఉంటే సగం పని అదే చేస్తుంది.

చాపుతాళం:

శ్రుతిపెట్టె గారు చెప్పినవి సరైనవే, కానీ శ్రుతి కుదరకపోవడం కన్నా లయ కుదరకపోవడం వల్లే ఇలాంటి కూటములు చెదిరిపోవడం నేను ఎక్కువగా చూశాను. మొదటి రోజు కృతులు, కష్టమైన పాటలు పెట్టుకోకండి. మోహన రాగం తీసుకుని, అందరికీ నోటికి వచ్చే నాలుగు వరుసల చిన్న బాణీ ఒకటి ఎంచుకోండి. మోహనంలో మధ్యమ నిషాదాలు (మ, ని) లేవు కాబట్టి, కొత్తవారు ఏ స్వరం మీద ఆగినా పక్కవారితో గట్టిగా ఘర్షణ పడే అవకాశం తక్కువ. గిటారు మిత్రుడికి రాగం పేరు చెప్పకుండా ‘జి, ఎ, బి, డి, ఇ అన్న ఐదు స్వరాలే వాడాలి’ అని చెప్పండి. జి మేజర్, ఇ మైనర్ కార్డులు పూర్తిగా ఆ ఐదు స్వరాలలోనే ఉంటాయి. డి మేజర్ పడితే ఎఫ్ షార్ప్, అంటే కాకలి నిషాదం (హెచ్చు ‘ని’) లోపలికి వస్తుంది. వినడానికి అది బాగానే ఉండవచ్చు గానీ, వేణువు, వయొలిన్ వాయించేవారు ఉలిక్కిపడకుండా ముందే ఒక మాట అనుకోవాలి.

తాళానికి ఎనిమిది లెక్కల (అక్షరాల) ఆది తాళం చాలు. మీరు, గిటారు మిత్రుడు నాలుగు నాలుగుగా లెక్కపెట్టే అలవాటు ఉన్నవారు కాబట్టి, ఒక ఆవర్తనాన్ని, అంటే తాళం ఒక చుట్టును, నాలుగేసి లెక్కల రెండు బార్లుగా భావించండి. బాణీని అందరూ కలిసి రెండుసార్లు వాయించి, తరువాత ఒక్కొక్కరికి నాలుగేసి ఆవర్తనాలు ఇచ్చి, ప్రతి ఒక్కరి వంతు ముగిశాక మళ్లీ బాణీకి రావడం మంచి పద్ధతి. వంతు ముగిస్తున్నవారు చివరి ఆవర్తనంలో తల ఎత్తి పక్కవారిని చూడాలి. అందుకే వరుసగా కాకుండా, ఒకరి ముఖం ఒకరికి కనిపించేలా గుండ్రంగా కూర్చోవాలి. వంతు వద్దనుకున్నవారు తల అడ్డంగా ఊపి పక్కవారికి వదిలేయవచ్చు, అందులో చిన్నతనం ఏమీ లేదని ముందే చెప్పి ఉంచండి.

అసలు చిక్కు మృదంగం వంతులో వస్తుంది. ఆయన తీర్మానం (ముగింపు వరుస) ఎత్తుకుని ఒకే జతిని, అంటే ఒకే దరువును, మూడుసార్లు వేస్తూ సమానికి (తాళం మొదటి దెబ్బకు) వస్తున్నప్పుడు, ఆ మూడు ఆవృత్తులూ నాలుగు అక్షరాల గీతలను దాటుకుంటూ వెళ్తాయి కాబట్టి, తాళం అలవాటు లేనివారికి ‘ఒకటి’ ఎక్కడుందో తప్పిపోతుంది. ఆ సమయంలో వయొలిన్ వాయించేవారు వాద్యం పక్కన పెట్టి, అందరికీ కనిపించేలా చేతితో తాళం వేయాలి. మీరు మృదంగాన్ని వినకుండా ఆ చేతినే చూడండి. వేగం పెరుగుతోందని ఎవరికి అనిపించినా ఆపి, మళ్లీ మొదలుపెట్టడం మంచిది.

మంద్రస్థాయి:

ఇద్దరికీ కృతజ్ఞతలు. మృదంగం సంగతి కనుక్కుంటాను. మరి, నేను నొటేషను చదువుతాను, వారు స్వరాలు రాసుకుంటారు కదా, ఒకే కాగితం మీద ఎలా రాసుకోవాలి? అందరూ చేరలేని రోజున వీడియో కాల్‌లో కలిసి వాయించడం సాధ్యమేనా?

తెల్లమెట్లు:

నేనూ కీబోర్డు వాయించేదానినే. బాణీని స్వరాల్లో రాయించి, ప్రతి స్వరం కింద మీ అక్షరం రాసుకోండి. షడ్జం జి అయినప్పుడు శంకరాభరణం మేళ (ఏడు స్వరాలూ ఉన్న మూలరాగం) స్వరాలు జి, ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్ షార్ప్ అవుతాయి. అంటే మీ నొటేషనులో ఒక్క షార్ప్ ఉన్న స్కేలే. ఎవరైనా ఆల్టో శాక్సఫోను తెస్తే మాత్రం వారికి వేరే కాగితం కావాలి, ఎందుకంటే వారు సి అని చదివి ఊదినది ఇ ఫ్లాట్‌గా వినిపిస్తుంది. మీ జి కోసం వారు ఇ ఊదవలసి ఉంటుంది.

మీరు అడగని విషయం ఒకటి చెప్పాలి. కీబోర్డు, గిటారు రెండూ కార్డులు వాయించే వాద్యాలు కావడంతో, ఇద్దరూ ఎడతెరిపి లేకుండా వాయిస్తే వేణువు మంద్రస్థాయి స్వరాలు వినిపించవు. గిటారు కార్డులు పట్టుకున్నప్పుడు మీరు ఎడమచేతిని ఒడిలో పెట్టుకుని, కుడిచేత్తో రెండు స్వరాలు మాత్రమే నిలపండి, లేదా పూర్తిగా ఆగిపోండి. స్పీకరు శబ్దాన్ని, మైకు, స్పీకరు ఏవీ లేకుండా పలికే వాద్యాలలో మెత్తనిదానికి సరిపడేలా తగ్గించండి. నా అభిప్రాయంలో ఈ కూటమి బాగుండడమా కాదా అన్నది మీ చేతిలోనే ఎక్కువగా ఉంది.

శ్రుతిపెట్టె:

వీడియో కాల్ మీద ఆశ పెట్టుకోకండి. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది కాబట్టి, పది మీటర్ల దూరంలో ఉన్నవారి శబ్దం చేరడానికే దాదాపు 29 మిల్లీసెకన్లు పడుతుంది. అంత ఎడంగా కూర్చుంటేనే లయ పట్టుకోవడం కష్టమనిపిస్తుంది. వీడియో కాల్‌లో ఆలస్యం తరచుగా వంద మిల్లీసెకన్లు దాటుతుంది. నిమిషానికి 120 దెబ్బల వేగంలో ఒక్కో దెబ్బకు ఉన్న వ్యవధి అర సెకను కాబట్టి, అందులో అయిదో వంతు అప్పుడే జారిపోయినట్టు. పైగా అలాంటి యాప్‌లు నిలకడగా మోగే తంబూర శబ్దాన్ని రొదగా భావించి అణచివేసే అవకాశం ఉంది. కలవలేని రోజున మృదంగం వాయించే ఆయనను పది నిమిషాలు ఆది తాళం ఒకే వేగంలో రికార్డు చేసి పంపమని అడగండి. మిగిలినవారు ఎవరి ఇంట్లో వారు దానితో సాధన చేసుకోవచ్చు.