ప్రయాణ ఖర్చుల డబ్బు విదేశం నుంచి వచ్చేటప్పుడు బ్యాంకు కోత: అంచనాలో ఎలా చూపాలి?

మాది అనంతపురం. ఒక ఫ్రీ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకు జీతం లేకుండా తెలుగు అనువాదం చేస్తుంటాను. బెంగళూరులో మీటింగులు పెడితే వెళ్లే ముందే ఖర్చుల అంచనా పంపాలి. వాళ్లు ఒప్పుకున్న మొత్తం దాటకుండా, తిరిగొచ్చాక బిల్లులు పెడితే డాలర్లలో వేస్తారు.

పోయినసారి రానూపోనూ బస్సు, ఒక రాత్రి లాడ్జి, ఆటోలు కలిపి 3,400 రూపాయలు అయింది. మొత్తం మంజూరైంది. ఖాతాలో పడింది మాత్రం 2,130. ఆటోలకు బిల్లు ఉండదు కాబట్టి ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు పెట్టాను, వాటికి పేచీ రాలేదు. కోతంతా దారిలోనే.

ఇక్కడి బ్రాంచిలో అడిగితే, డబ్బు ఎందుకు వచ్చిందో చెప్పే పర్పస్ కోడ్ రాయించుకుని, మధ్యలోని బ్యాంకు పట్టుకోగా మిగిలిందే తమకు చేరిందన్నారు. విదేశీ బదిలీ వివరాలుండే స్విఫ్ట్ కాగితంలో చార్జీల దగ్గర ఎస్‌హెచ్‌ఏ అని ఉంది, అంటే చార్జీలు ఇద్దరూ భరించాలన్నమాట. పంపేవాళ్లే మొత్తం కట్టుకునే ఓయూఆర్ పద్ధతిలో పంపమని కోశాధికారికి మెయిల్ పెట్టాను. తమ బ్యాంకులో అది కుదరదట. తర్వాతి అంచనాలో ‘బ్యాంకు చార్జీలు’ అని ఒక వరుస కలిపితే, ప్రయాణ ఖర్చులే రాయమని తిప్పి పంపారు. పెద్ద మొత్తమైతే పట్టించుకునేవాడిని కాదు, ఇంత చిన్నదాంట్లో మూడో వంతుకు పైగా పోతే ఎట్లా?

బస్సు చార్జీ పెంచి రాయడం నాకు ఇష్టం లేదు. ఇలాంటి ప్రాజెక్టుల నుంచి డబ్బు తీసుకున్నవాళ్లు చెప్పండి: ఈ కోతను అంచనాలో ఏ పద్దు కింద, ఏ ఆధారంతో చూపిస్తే ఒప్పుకున్నారు?