రామా నౌకలో ఎవరూ ఎదురుపడకపోవడం కథకు లోపమా?

తీరికపాఠకుడు (ప్రశ్న):

ఆర్థర్ సి. క్లార్క్ 1973లో ప్రచురించిన ‘రాండేవూ విత్ రామా’ నవలను నిన్న రాత్రి ముగించాను. 2131లో సౌరకుటుంబంలోకి వచ్చిన ఒక వస్తువును మొదట గ్రహశకలమని అనుకోవడం, గ్రీకు, రోమన్ దేవతల పేర్లు అప్పటికే అయిపోవడంతో మన దేవతల వరుసలోంచి రాముడి పేరు తీసి పెట్టడం, తీరా అది 50 కిలోమీటర్ల పొడవున్న బోలు స్థూపాకారపు నౌక అని తేలడం, అంతరిక్ష నౌకాధిపతి నార్టన్ బృందం దాని చీకటి కడుపులోకి మెట్లు దిగడం, ఇంతవరకూ పుస్తకాన్ని కింద పెట్టలేకపోయాను. అయితే దాన్ని కట్టినవాళ్లలో ఒక్కరైనా కనిపించకుండానే అది సూర్యుణ్ణి చుట్టి తన దారిన వెళ్లిపోతుంది. పెళ్లికి వెళ్లి, పందిరినీ గాడిపొయ్యినీ చూసి, వధూవరులను చూడకుండానే తిరిగి వచ్చినట్టయింది నాకు. సైన్స్ ఫిక్షన్‌కు ఇచ్చే హ్యూగో, నెబ్యులా బహుమతులు రెండూ దీనికే ఎందుకు దక్కాయి? ఆనాటి ఇతర రచనల్లోనైనా శాస్త్రజ్ఞులకు అవతలివారు నిజంగా తారసపడతారా? (నవల చదవనివారు నన్ను క్షమించాలి, ముగింపు చెప్పేశాను.)

ఫిజిక్స్ మాస్టారు:

తీరికపాఠకుడు గారూ, రామా కట్టినవాళ్లు మీకు కనిపించారు. మీరు వాళ్ల ముఖాల కోసం వెతికారు కనుక గమనించలేదని నా అభిప్రాయం. నౌక నడుమ స్థూపాన్ని పట్టీలా చుట్టిన సముద్రాన్ని గుర్తుచేసుకోండి. ఉత్తరపు ఒడ్డున గట్టు ఎత్తు 50 మీటర్లు, దక్షిణపు ఒడ్డున 500 మీటర్లు. నౌక ఉత్తర దిశగా వేగం పుంజుకున్నప్పుడు, బస్సు కదలగానే బిందెలో నీళ్లు వెనక్కి ఎగదన్నినట్టే, సముద్రమంతా దక్షిణానికి ఎగబాకుతుంది కాబట్టి ఆ గోడ అంత ఎత్తున ఉండాలి. ఇంజిను ఎలా పనిచేస్తుందో ఎవరికీ తెలియకముందే, అది ఏ దిశగా తోస్తుందో, ఆ త్వరణం ఏ హద్దు దాటదో గట్ల ఎత్తును బట్టే ఊహించగలిగారు.

లెక్క కూడా సరిపోతుంది. నౌక తన చుట్టూ తాను నాలుగు నిమిషాలకు ఒకసారి తిరుగుతుంది, లోపలి వ్యాసార్ధం 8 కిలోమీటర్లు. ఆ రెండు అంకెలతో, నేలగా పనిచేసే లోపలి గోడ మీద కలిగే త్వరణం సెకను వర్గానికి సుమారు 5.5 మీటర్లు వస్తుంది, అంటే భూమి మీది ఆకర్షణలో సగానికి కాస్త పైన. పదకొండో తరగతి పిల్లలకు భ్రమణ చలనం చెప్పేటప్పుడు నేను ఏటా ఈ లెక్కే బోర్డు మీద వేస్తాను. నార్టన్ బృందంలోని జిమ్మీ పాక్ ఆ 500 మీటర్ల గట్టు మీది నుంచి చొక్కానే గొడుగులా పట్టుకొని సముద్రంలోకి దూకి బతకడం వెనుక ఉన్నది కూడా ఈ తక్కువ బరువే. అతని దగ్గర అప్పుడు ఉన్నది తాను కోసుకొచ్చిన ఒకే ఒక్క పువ్వు.

చదువరి:

మాస్టారి మాటలో సగమే ఒప్పుకుంటాను. గోడ ఎత్తును బట్టి ఇంజిను దిశ తెలుస్తుంది కానీ, కట్టినవాళ్లు ఎందుకు బయలుదేరారో తెలియదు. కొలిస్తే అర్థమవుతుందన్న ఆ నమ్మకాన్నే పోలండ్ రచయిత స్తనిస్లావ్ లెమ్ 1961లో వచ్చిన ‘సొలారిస్’లో నిలదీశాడు. అక్కడ గ్రహాన్ని కప్పిన సముద్రమే జీవి. దాని మీద తలెత్తే ఆకారాలకు పేర్లు పెట్టి, వర్గీకరించి, తరాలకు తరాలు గ్రంథాలయాలు నింపిన శాస్త్రజ్ఞులు ఒక్క సంభాషణ కూడా జరపలేకపోయారు.

శాస్త్రజ్ఞులు ఎక్స్‌రేలతో కొట్టిన తరువాత ఆ సముద్రం, వాళ్ల జ్ఞాపకాల్లోని మనుషులను తయారుచేసి పంపుతుంది. కథానాయకుడు కెల్విన్ దగ్గరికి ఏనాడో చనిపోయిన సహచరి వస్తుంది. ఆమె గౌను విప్పబోతే దానికి తెరుచుకొనే చోటే లేదు, ముందున్న బొత్తాలు అలంకారానికి మాత్రమే, చివరికి దాన్ని కోయవలసి వస్తుంది. అతనికి గౌను గుర్తుంది కానీ అది ఎలా తెరుచుకుంటుందో గుర్తులేదు, సముద్రానికి దొరికింది ఆ గుర్తే. గ్రహాంతర జీవితో తారసపడడం గురించి నేను చదివినవాటిలో ఇంతకన్నా భయపెట్టినది లేదు. మీరు అడిగిన ‘నిజమైన’ భేటీ ఇదే. అయినా ఆ సముద్రం కరుణించి పంపిందో, ప్రయోగంగా పంపిందో కెల్విన్‌కు చివరిదాకా తెలియదు.

పాతపత్రికలు:

ఇద్దరూ మౌనంగా ఉన్న అవతలివారి గురించే చెబుతున్నారు. మాట్లాడేవాళ్లు, బేరమాడేవాళ్లు కావాలంటే హాల్ క్లెమెంట్ రాసిన ‘మిషన్ ఆఫ్ గ్రావిటీ’ చదవండి, 1953లో పత్రికలో ధారావాహికగా వచ్చింది. ఆయన వృత్తిరీత్యా బడిలో సైన్సు ఉపాధ్యాయుడు, కనుక ఫిజిక్స్ మాస్టారు గారికి బంధువే. మెస్క్లిన్ గ్రహం విపరీతమైన వేగంతో తిరుగుతూ నొక్కుకుపోయి ఉంటుంది. మధ్యరేఖ దగ్గర ఆకర్షణ భూమి మీదికి మూడు రెట్లు, ధ్రువాల దగ్గర దాదాపు 700 రెట్లు. అక్కడ ఆరంగుళాల ఎత్తు నుంచి పడడం మన దగ్గర ముప్పై అంతస్తుల మేడ మీది నుంచి పడడంతో సమానం. అందుకే జెర్రి ఆకారంలో ఉండే ఓడ నాయకుడు బార్లెనన్‌కు తల మీద ఏదైనా ఉందంటేనే వణుకు, వస్తువును విసరడమన్న ఊహే అతని జాతికి లేదు.

ధ్రువం దగ్గర చిక్కుకుపోయిన పరిశోధక రాకెట్టును తెచ్చిపెట్టమని మనుషులు అతన్ని కుదుర్చుకుంటారు. తీరా అక్కడికి చేరాక అతను బిగదీసుకొని, వస్తువులు వద్దు, మీ విజ్ఞానం నేర్పితేనే పని పూర్తిచేస్తానంటాడు. అతని చేత అలా అడిగించిన చోట క్లెమెంట్ వృత్తి బయటపడింది.

తీరికపాఠకుడు:

అందరికీ ధన్యవాదాలు. గట్ల సంగతి నేను నిజంగానే దాటేసి చదివాను, ఇవాళ ఆ అధ్యాయం మళ్లీ తెరిచాను. చదువరి గారూ, బొత్తాల సంగతి విన్నాక సొలారిస్‌ను రాత్రిపూట మొదలుపెట్టకూడదని నిశ్చయించుకున్నాను. ఒక్క చిన్న సందేహం మిగిలింది, రామా లాంటిది నిజంగా వస్తే మనకు ముందే తెలుస్తుందా?

ఫిజిక్స్ మాస్టారు:

2017లో అలాంటి అనుభవం చిన్నపాటిది జరిగింది. నక్షత్రాంతర సీమ నుంచి వచ్చిన ఓమువామువా అనే వస్తువును హవాయిలోని టెలిస్కోపు అక్టోబరు 19న గుర్తించింది. దానికి రామా అని పేరు పెడదామన్న సూచన కూడా వినిపించింది. కానీ అది సూర్యుడికి అతి సమీపంగా వచ్చింది సెప్టెంబరు 9న. అంటే మనం చూసేసరికే అది తిరుగుదారి పట్టి నలభై రోజులైంది.