ఆశా భోంస్లే బయటి బ్యాండ్లతో పాడటం: సత్తానా, పేరు అద్దెకివ్వడమా?

రేడియో_రామం:
హిందీ సినిమా గాయని ఆశా భోంస్లే గురించి వేరే థ్రెడ్‌లో ఒకాయన "ఆశా విదేశీ వాళ్లతో పాడినవన్నీ పేరు అద్దెకివ్వడమే" అని ఒక్క ముక్క పడేసి వెళ్లిపోయాడు. అక్కడ గొడవెందుకని ఇక్కడ పెడుతున్నా. 1991లో బ్రిటిష్ పాప్ గాయకుడు బాయ్ జార్జ్ పాట 'బౌ డౌన్ మిస్టర్'లో గొంతు కలిపింది. 1996లో సరోద్ విద్వాంసుడు అలీ అక్బర్ ఖాన్‌తో 'లెగసీ' ఆల్బమ్. 2002లో '1 జయంట్ లీప్' అనే బ్రిటిష్ జంట ఆల్బమ్‌లో, అప్పటి ఆర్.ఇ.ఎం. రాక్ బ్యాండ్ గాయకుడు మైకేల్ స్టైప్‌తో ఒక పాట. 2005లో క్రోనోస్ క్వార్టెట్ అనే తంత్రీవాద్య బృందంతో హిందీ స్వరకర్త ఆర్డీ బర్మన్ పాటలు. 2006లో బ్రెట్ లీతో డ్యూయెట్. పాప్, హిందుస్తానీ ఖయాల్, రాక్, వయొలిన్లు, చివరికి ఫాస్ట్ బౌలర్! ఇంకే సినిమా గాయని ఇన్ని చోట్లకి వెళ్లిందో చెప్పండి. అద్దెకిచ్చే పేరైతే ఒకసారి ఇస్తారు, పదిహేనేళ్లు ఇవ్వరు.

గాంధర్వం:
రామంగారూ, జాబితా బాగుంది. అందులో సంగీతం ఎంత? బాయ్ జార్జ్ పాట వినండి. కృష్ణభక్తి, కోరస్, హడావుడి. ఆవిడ గొంతు అక్కడ అగరొత్తి వాసనలాంటిది, గది ఇండియాలా అనిపిస్తే చాలు. అతిథిగా వచ్చిన మనిషి వల్ల పాట దారి మారాలి. ఏం మారింది? బ్రెట్ లీ సంగతి నేనసలు ఎత్తను.

నైట్‌షిఫ్ట్_నాని:
బ్రెట్ లీ పాట బానే ఉంటుంది మాస్టారూ. అతని బౌలింగంత భయపెట్టదు.

అచ్చుల_అప్పారావు:
ఇంగ్లీషు సంగతి తర్వాత. 2007లో 'చందమామ'లో "నాలో ఊహలకు" పాడినప్పుడు ఆ ఉచ్చారణ గురించి ఎవరూ మాట్లాడరేం? పరభాషా గాయనిని తెచ్చినప్పుడు పక్కన ఒక తెలుగు మనిషిని కూర్చోబెట్టాలి.

రేడియో_రామం:
అప్పారావుగారూ, ఇది ఆ థ్రెడ్ కాదు.
గాంధర్వంగారూ, బాయ్ జార్జ్ పాట మీకే వదిలేస్తా. క్రోనోస్ సంగతి చెప్పండి. అమెరికా వాళ్లు, రెండు వయొలిన్లు, ఒక వియోలా, ఒక చెల్లో. తబలాకి జాకిర్ హుస్సేన్, చైనా తంత్రీవాద్యం పీపాకి వు మాన్. ఆర్డీ ఆర్కెస్ట్రాలో అంతమంది పుట్టించిన చప్పుడుని వీళ్లు వరస మీద వరస రికార్డు చేసుకుంటూ కట్టారు. మధ్యలో పాడింది డెబ్భై దాటిన మనిషి. అందులోదే 'చురాలియా', 1973 సినిమాలోది గుర్తు తెచ్చుకోండి. గ్లాసు చప్పుడు, గిటార్, ఆ వెంటనే నున్నగా జారే గొంతు. 2005లో అదే పల్లవిలో గొంతు కాస్త గరుకెక్కింది, ఊపిరి తీసుకోవడం తెలుస్తుంది. దాన్ని దాచే ప్రయత్నమే లేదు. అక్కడ అతిథి ఎవరండీ? ఆ నలుగురే ఆవిడ గడప తొక్కారు. గ్రామీ నామినేషన్ కూడా వచ్చింది.

గాంధర్వం:
గ్రామీ దగ్గరికి వచ్చేసరికి మీ గొంతు లేస్తుంది. నాకు నచ్చనిది అదే. 1983లో గులాం అలీతో 'మేరాజ్-ఎ-ఘజల్' చేసింది. మీ జాబితాలో లేదేం? తెల్లవాళ్లు చూడలేదనా? ఆ పాకిస్తాన్ ఉస్తాద్ కట్టిన బాణీలు ఆయన పక్కనే కూర్చుని పాడటం, మైకేల్ స్టైప్ వెనక రాగం తియ్యడం కంటే ఎంత కష్టమో పాడేవాళ్లని అడగండి. ఇక అదే 2005లో బ్లాక్ ఐడ్ పీస్ అనే అమెరికా హిప్‌హాప్ బృందం వాళ్లు ఏం చేశారు? ఆవిడ 70ల్లో పాడిన రెండు పాటల్లోంచి ముక్కలు కోసి అతికించుకుని గ్రామీ పట్టుకుపోయారు.

బోండాం_బాబాయ్:
'బ్రిమ్‌ఫుల్ ఆఫ్ ఆశా' పాట మర్చిపోయారు. అది కూడా కలపండి.

రేడియో_రామం:
బాబాయ్, అందులో ఆవిడ పాడలేదు. కార్నర్‌షాప్ అనే బ్రిటిష్ బ్యాండ్ వాళ్లు ఆవిడ మీద పాడారు. నార్మన్ కుక్ రీమిక్స్ చేశాక 1998లో బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది, అంతే.
బ్లాక్ ఐడ్ పీస్‌ది శాంప్లింగ్. 'అపరాధ్', 'డాన్' సినిమాల పాటలు. స్వరకర్తలు కల్యాణ్‌జీ ఆనంద్‌జీకి పేరు వేశారు. పిలిస్తే వెళ్లి పాడటం వేరు, పాత రికార్డు కోసుకోవడం వేరు. మాస్టారు రెండూ కలిపి ఆవిడ నెత్తిన రుద్దుతున్నారు.

గాంధర్వం:
వేరు కాదని అనుభవం మీద చెప్తున్నా. హైదరాబాద్‌లో ఒక స్టూడియో వాళ్లు ఫ్యూజన్ ఆల్బమ్ అని పిలిచారు. చెవిలో తాళం కొట్టే క్లిక్ పెట్టి మధ్యాహ్నమంతా మోహన ఆలాపన పాడించారు. ఆల్బమ్ రాలేదు. కొన్నాళ్లకి ఒక బట్టల దుకాణం ప్రకటనలో నా మోహన వినిపించింది. శ్రుతి పెంచి ఆడగొంతులా చేశారు, గమకం, అంటే స్వరాన్ని ఊపే ఊపు, సగంలో ఉండగా కోసి దాని మీద "ఆషాఢం ఆఫర్" అని అరిపించారు. అడిగితే "సెషన్ డబ్బులు ఇచ్చాం కదా మాస్టారూ" అన్నారు. గొంతు అరువిస్తే ఏమవుతుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

రేడియో_రామం:
మీకు జరిగింది అన్యాయమే. అయితే ఆవిడ ఎవరితోనూ పాడకూడదా?

గాంధర్వం:
పాడకూడదని ఎక్కడన్నాను? సరిగ్గా చదవండి. మీలా రికార్డులు పోగేసేవాళ్లకి గొంతంటే అలమారలో పెట్టుకునే వస్తువు.

రేడియో_రామం:
మీకు సినిమా గాయని అంటేనే చిన్నచూపు. నేరుగా అనడానికి మొహమాటపడి ఇందాకట్నుంచి బాయ్ జార్జ్‌ని అడ్డం పెట్టుకున్నారు.

అచ్చుల_అప్పారావు:
1988లో 'చిన్ని కృష్ణుడు'లో ఆర్డీ సంగీతానికి పాడిన తెలుగు పాట కాస్త నయం. పక్కన బాలుగారు ఉన్నారు కాబట్టేమో.

మంజీర:
అప్పారావుగారూ, మీకో దండం.
మీ ఇద్దరి పేచీ ఆశా గురించి కాదనిపిస్తోంది. ఆవిడకి పాడటం బతుకుతెరువు. 16 ఏళ్లకి ఇల్లు వదిలి పెళ్లి చేసుకుంది, అది నిలవలేదు, పిల్లల్ని సాకాలి. పెద్ద పాటలు అక్క లతా మంగేష్కర్‌కి వెళ్తే క్యాబరేలు, వ్యాంప్ పాటలు ఈవిడకి వచ్చాయి. వచ్చినవి తీసుకుంది. స్వరకర్త ఓపీ నయ్యర్‌కి ఒకలా పాడింది, ఆర్డీకి ఇంకోలా. 1981లో 'ఉమ్రావ్ జాన్'కి సంగీత దర్శకుడు ఖయ్యాం శ్రుతి దించి పాడమంటే అలాగే పాడింది. బాయ్ జార్జ్ దగ్గరా అంతే. ఆ పాటకి అంతే చాలు, అంతే పాడి వచ్చేసింది. మాస్టారికి సంగీతం గురువు పెట్టిన విద్య, ముక్కలుగా అమ్మితే కడుపు రగులుతుంది. రామంగారికేమో ఆవిడ చేసిన ప్రతిదీ కళాఖండం అయితీరాలి. కొన్ని ఆ పూటకి చేసిన పనులండీ.

గాంధర్వం:
విద్యేనమ్మా. పని అనుకుంటే రేటు కట్టేవాడిదే రాజ్యం. నన్ను కోసినవాడు కూడా పనికి డబ్బిచ్చాననే అన్నాడు. 'లెగసీ' గురించి ఎవరూ మాట్లాడరేం? 60 దాటాక, వేల పాటలు పాడేశాక, అలీ అక్బర్ ఖాన్ ముందు కూర్చుని, వాళ్ల నాన్నగారు అల్లాఉద్దీన్ ఖాన్ నుంచి వచ్చిన బందిష్‌లు, అంటే హిందుస్తానీ కృతులు, నేర్చుకుంది. అక్కడ అతిథి కాదు, శిష్యురాలు. నేను ఒప్పుకునేది అదీ.

మంజీర:
అదీ ఆవిడే ఎంచుకుంది, బ్రెట్ లీనీ ఆవిడే ఎంచుకుంది. మీకు నచ్చింది విద్య, నచ్చనిది బేరం అంటే ఎలా? మీ విషయంలో లోపం పని అనుకోవడంలో లేదు మాస్టారూ, కాగితం లేకపోవడంలో ఉంది. పేరు ఎక్కడ వేస్తారు, దేనికి వాడతారు, ఎంతవరకు మార్చొచ్చు... పాడే ముందే రాయించుకోవాలి.

గాంధర్వం:
గమకాన్ని కాగితం మీద ఎలా రాయిస్తారు?

రేడియో_రామం:
"శ్రుతి మార్చరాదు, మధ్యలో కోయరాదు" అని రాయిస్తారు. ఆ ప్రకటన లింకుంటే పెట్టండి మాస్టారూ, వింటాను. ఇంకోటి, గులాం అలీ రికార్డు జాబితాలో వెయ్యనిది గ్రామీ రాలేదని కాదు. ఘజల్ ఆవిడకి పరాయిది కాదు కాబట్టి.

గాంధర్వం:
లింకు పెట్టను. ఘజల్ పరాయిది కాదా? సినిమాలో మూడు నిమిషాల్లో ముగించే ఘజల్ వేరు, గులాం అలీ ఒక్క షేర్, అంటే రెండు పాదాలు, పట్టుకుని తిప్పే తిప్పుడు వేరు. ముందు ఆ రికార్డు రెండు వైపులా వినండి, తర్వాత మాట్లాడదాం.