హైకూలో మొదటి అప్లికేషన్: నేటివ్ ఎపిఐ నేర్చుకోవాలా, క్యూట్ సరిపోతుందా?

కొత్తకోడర్:
నెల రోజులుగా పాత ల్యాప్‌టాప్‌లో హైకూ ఆపరేటింగ్ సిస్టమ్ బీటా 5 వాడుతున్నాను. నోట్స్ రాసుకునే చిన్న అప్లికేషన్ ఒకటి చేయాలని ఉంది. సీ ప్లస్ ప్లస్ వచ్చు, లినక్స్‌లో క్యూట్‌తో (విండోలు, బటన్లు చేసే టూల్‌కిట్) కొంత పని చేశాను. హైకూలోనూ క్యూట్ ఉంది కదా, అదే వాడమని ఒకరు. అలాగైతే హైకూ ఎందుకు, దాని సొంత క్లాసులైన నేటివ్ ఎపిఐ వాడమని ఇంకొకరు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

రాత్రిబండి:
క్యూట్‌తోనే రాయండి. నేటివ్ ఎపిఐతో రాసింది హైకూ దాటి ఎక్కడా నడవదు. క్యూట్ కోడ్ లినక్స్‌లో, విండోస్‌లో కూడా పనికొస్తుంది. పాఠాలకు కొదవ లేదు. ఎర్రర్ వస్తే వెతకగానే జవాబు దొరుకుతుంది. నేటివ్‌కి అందరూ చూపించేది బీ బుక్. ఆ పుస్తకం హైకూకి మూలమైన 1990ల నాటి బీఓఎస్ కోసం రాసింది. బీఓఎస్ చేసిన బీ కంపెనీ ఆస్తుల్ని 2001లోనే పామ్ కొనేసింది. అంత పాత పుస్తకంతో కొత్తవాళ్లని ఎందుకు కష్టపెట్టాలి?

పాతట్రాకర్:
పాఠాలు తక్కువన్న మాట ఒప్పుకుంటానండీ. కానీ హైకూ పనిచేసే తీరే వేరు. ఇక్కడ ప్రతి విండోకీ సొంత థ్రెడ్ (విడిగా నడిచే పని వరుస) ఉంటుంది. నేను మొదట్లో ఫైల్ చదివే థ్రెడ్ నుంచే నేరుగా విండోలోని టెక్స్ట్ మార్చేశాను. లూపర్‌ని, అంటే మెసేజ్‌లు అందుకునే ఆ విండోని, ముందు లాక్ చేయాలంటూ ప్రోగ్రామ్ డీబగ్గర్‌లో ఆగిపోయింది. లాక్ పెడితే నడిచింది గానీ, ఎక్కడ పెట్టాలి, ఎక్కడ తీయాలి అని ఒకటే టెన్షన్. చివరికి ఆ థ్రెడ్ ఒక బిమెసేజ్ (హైకూ మెసేజ్ క్లాస్) పంపితే చాలు, విండో తన మెసేజ్‌రిసీవ్డ్ ఫంక్షన్‌లో తనే టెక్స్ట్ మార్చుకునేలా తిరగరాశాను. సగం కోడ్ తగ్గింది. క్యూట్‌తోనే ఉండిపోయుంటే ఇది నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

పైగా మీరు రాస్తున్నది నోట్స్ అప్లికేషన్. ఒక్కో నోట్ ఒక్కో ఫైల్, దాని ట్యాగ్ ఆ ఫైల్‌కి ఆట్రిబ్యూట్ (ఫైల్‌తో పాటే ఉండే అదనపు సమాచారం). హైకూ ఫైల్ సిస్టమ్ బీఎఫ్ఎస్‌లో క్వెరీ పెడితే ఫైల్ సిస్టమే వెతికిపెడుతుంది. లైవ్ క్వెరీ అయితే కొత్త నోట్ చేరగానే మీ విండోకి మెసేజ్ వస్తుంది. డేటాబేస్ అక్కర్లేదు.

రాత్రిబండి:
క్వెరీ బాగుంటుంది, కాదనను. అయితే హైకూలో క్యూట్ ప్రోగ్రామ్ నుంచి కూడా ఆ క్లాసుల్ని పిలవచ్చు, రెండూ సీ ప్లస్ ప్లస్సే. విండో కోసం మాత్రం పాత పద్ధతి ఎందుకు?

కొత్తకోడర్:
నిన్న బీ బుక్ చూసి ఒక విండో, ఒక బటన్ పెట్టాను. ఫాంట్ సైజు పెంచితే బటన్ మీద అక్షరాలు సగానికి తెగిపోయాయి. విండో మూసేశాక కూడా డెస్క్‌బార్‌లో (నడుస్తున్న ప్రోగ్రామ్‌లు కనిపించే చోట) ప్రోగ్రామ్ పేరు అలాగే ఉంది!

పాతట్రాకర్:
మొదటిది ఆ పుస్తకం వల్లే. బీఓఎస్‌లో లేఅవుట్ క్లాసులు లేవు, కొలతలన్నీ బిరెక్ట్ అనే దీర్ఘచతురస్రం క్లాస్‌లో చేత్తో ఇవ్వాల్సిందే. హైకూలో బిలేఅవుట్‌బిల్డర్ ఉంది. ఫాంట్‌ని బట్టి కొలతలు అదే చూసుకుంటుంది. దాని వివరాలు హైకూ సొంత ఎపిఐ డాక్యుమెంట్లలో ఉన్నాయి. మెసేజ్‌లు, థ్రెడ్లు, ఆట్రిబ్యూట్ల వరకు బీ బుక్ ఇప్పటికీ బంగారం. విండో అమరికకు మాత్రం దాన్ని తెరవకండి. ఈ ముక్క కొత్తవాళ్లకి ముందే చెప్పకపోవడం మాదే తప్పు.

రెండోది చిన్న పనే. విండో మూసినంత మాత్రాన అప్లికేషన్ ఆగదు. విండో మూసేటప్పుడు నడిచే క్విట్‌రిక్వెస్టెడ్ ఫంక్షన్‌లో అప్లికేషన్‌కి క్విట్ మెసేజ్ పంపండి, లేదా విండో ఫ్లాగ్స్‌లో బి_క్విట్_ఆన్_విండో_క్లోజ్ చేర్చండి. ఎడిటర్‌గా జెనియో వాడి చూడండి. హైకూతో వచ్చే టెక్స్ట్ ఎడిటర్ స్టైల్డ్ఎడిట్ సోర్స్ పక్కన పెట్టుకుంటే చాలా సందేహాలు అందులోనే తీరతాయి.

రాత్రిబండి:
సరే, నేటివ్‌లోనే రాయండి. ఒక్కటి మాత్రం మరవకండి, నోట్స్ సేవ్ చేసే కోడ్‌ని విండో కోడ్‌తో కలిపేయకండి. రేపు లినక్స్‌కి తీసుకెళ్లాలంటే మార్చాల్సిన భాగం ఏదో తెలిసి ఉండాలి. ఈ విషయంలో నా మాట మారదు.

కొత్తకోడర్:
విడగొట్టే రాస్తున్నానండీ. బటన్ ఇప్పుడు ఏ ఫాంట్‌కైనా సరిపోతోంది. క్వెరీ మాత్రం మొదట ఖాళీగా వచ్చింది. ఎంకేఇండెక్స్ కమాండ్‌తో ట్యాగ్‌కి ఇండెక్స్ (క్వెరీ వెతికే జాబితా) చేయకముందే పన్నెండు నోట్స్ రాసేశాను మరి. పాత ఫైళ్లని అందులో చేర్చే రీఇండెక్స్ కమాండ్ నడిపాక అన్నీ కనిపించాయి.